కనోలో దర్బారు, హౌసాలో ‘హవా’

“నైజీరియాలోని కనో నగరంలో గుర్రాల మీద ఊరేగే ‘దర్బారు’ పండుగను 2024లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కించింది కదా, మన దర్బారు అంత దూరం ఎలా పోయింది?” అని నిన్న ఒక అక్క అడిగారు.

మాట ఫారసీది. ఎప్పుడో మన దగ్గరికొచ్చి ఇంటిమాటైపోయింది. నైజీరియాకు మోసుకెళ్ళింది మాత్రం ఇంగ్లీషువాళ్ళు. 1877లో ఢిల్లీలో విక్టోరియా పేర దర్బారు జరిపారు. ఉత్తర నైజీరియా చేజిక్కాక అక్కడి పాలకులైన అమీర్లనూ గుర్రాలతో రప్పించి, ఆ వేడుకకు అదే పేరు పెట్టారు. 1956లో ఎలిజబెత్ రాణి వచ్చినప్పుడు అక్కడి కదునా నగరంలో జరిగిందీ దర్బారే.

పేరు అరువుదే గానీ పండుగ అరువుది కాదు. అక్కడ హౌసా భాష మాట్లాడేవాళ్ళు దాన్ని ‘హవన్ సల్లా’ అంటారు. ‘హవన్’లోని హవా అంటే గుర్రం ఎక్కడం. సల్లా అంటే నమాజు, దాన్నిబట్టి ఈద్ కూడా. రెండు ఈదులకూ ఉంటుంది. రోజుకో పేరు: హవన్ దౌషే, హవన్ నస్సరావా, ఇలా. నస్సరావా నాడు అమీరు ఊరేగింపు గవర్నరు ఉండే ప్రభుత్వ భవనం దాకా సాగుతుంది.

దర్బారంటే మన కళ్ళముందు మెదిలేది కొలువు, సింహాసనం, వరసగా కూర్చున్న సభ. కనోలో కూర్చునేదల్లా జీను మీదే! బొంతలా కుట్టి బూరుగుదూది కూరిన ‘లిఫిదీ’ కవచాలు తొడిగిన గుర్రాలు, మనిషికి రెండింతలు పొడవుండే ‘కకాకీ’ బాకాలు. అన్నిటికన్నా ‘జాహి’ చూడాలి. రౌతుల గుంపు దుమ్ము లేపుకుంటూ నేరుగా అమీరు మీదికే దౌడు తీస్తుంది. ఇక గుద్దేస్తారనగా కళ్ళెం బిగబట్టి ఆగి, పిడికిళ్ళెత్తి దండం పెడతారు. “రంకా యా దదే” అంటారు. మన “నూరేళ్ళు చల్లగా ఉండాలి” లాంటిదే.

అందుకే తెలుగులో రాసేటప్పుడు ఉత్త దర్బారు అని వదిలేయొద్దని నా మనవి. మనకు ‘సవారీ’ ఉంది. గుర్రం ఎక్కడమూ సవారీయే, ఊరేగింపూ సవారీయే. తెలంగాణ ఊళ్ళలో పీర్ల సవారీ అంటే తెలియనివాళ్ళు ఎవరు? హవాలోనూ ఆ రెండర్థాలూ కలిసే ఉన్నాయి. నేనైతే ‘కనో ఈద్ సవారీ’ అని రాస్తాను, పక్కనే హవన్ సల్లా అని వాళ్ళ మాట కూడా పెడతాను.

— “మరి యునెస్కో పెట్టిన పేరు దర్బారే కదా అన్నా?”

అవును తమ్ముడూ, ఆ పేరు చెప్పేచోట అలాగే ఉంచుదాం. పండుగ గురించి చెప్పేచోట మాత్రం ‘ఎక్కడం’ వినపడాలి.