ఈ వారం సమస్య: నదికి తలను పాగ, నగరి బోడి

ముక్తేశ్వరం (నిర్వహణ): ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, మిగతా మూడూ మీవి. షరతు ఒక్కటే, పద్యంలో ఇంగ్లీషు వ్యాకరణం పలకాలి. పాగా అంటే ఏమిటో నేను చెప్పను, ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే అడగండి.

రాజోలు కుర్రాడు:

కోరి 'ది' యని పలుకు గోదావరికి ముందు
అమలపురికి వలదు అదియె రీతి
ఊరి పేరు చాలు నూరక చెప్పరా
నదికి తలను పాగ, నగరి బోడి

'ఐ క్రాస్డ్ ది గోదావరి అండ్ వెంట్ టు అమలాపురం' అనాలి. మా ట్యూషన్లో సగం మంది రెండిటికీ 'ది' తగిలిస్తారు, మిగతా సగం రెండిటికీ ఎగ్గొడతారు.

పాలకొల్లు మాస్టారు: భావం బాగుంది బాబూ. రెండో పాదంలో 'వలదు అదియె' విసంధి, అంటే సంధి కలపాల్సిన చోట విడిగా వదిలేశావు. ఉత్వసంధి నిత్యం. కలిపితే 'వలదదియె' అయి ఒక లఘువు తగ్గుతుంది, గణం చెడుతుంది. 'అమలపురికి నేల యాంగ్లమందు' అని మార్చుకో. అమలాపురంలో దీర్ఘం మింగేశావు, సరే, అది క్షమించేశాం. ఇంకో మాట. పేరులో గోదావరి ఉంది కదా అని ఈస్ట్ గోదావరి జిల్లాకీ 'ది' పెట్టేస్తుంటారు. అది జిల్లా పేరు, అక్కర్లేదు. గోదావరి డెల్టా అన్నప్పుడు మళ్ళీ కావాలి, డెల్టా మామూలు నామవాచకం కాబట్టి. ఏ మాట కనిపించిందని కాకుండా, ఆ పేరు మొత్తం దేనిదో చూసుకోవాలి.

అంబాజీపేట అక్క:

గాలివాన వచ్చె, కలగె గోదావరి
నురుగు తెల్లగాను నుదుట జుట్టె
కొబ్బరాకు లెగిరె, కూలెను తోటలు
నదికి తలను పాగ, నగరి బోడి

1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళకి దీనికి ఇంగ్లీషు ఎందుకండీ, ఆయ్!

ముక్తేశ్వరం: అక్కా, షరతు తప్పారు గనక పోటీలో లెక్క లేదు. ఈ వారం నాకు బాగా నచ్చింది మాత్రం ఇదే. ఆ నురుగు పాగా నాకు తట్టనే లేదు.

ఆకివీడు టీచరమ్మ:

సంద్రమునకు గలదు, సరసున కది లేదు
కొలను పేరు చెప్ప కొల్లెరనుము
దీవి కొక్కటైన దిక్కు లేదు కదర
నదికి తలను పాగ, నగరి బోడి

బంగాళాఖాతానికి 'ది' తప్పదు. కొల్లేరు లేక్‌కి ఉండదు, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌కీ ఉండదు.

పాలకొల్లు మాస్టారు: 'దిక్కు'లో 'ది' దాచడం భలే చమత్కారం తల్లీ. 'కదర' మాత్రం గణం నింపడానికి వేసిందే. దీవులు గుంపుగా ఉంటే పాగా వస్తుంది, 'ది అండమాన్స్' అంటాం. ఒంటరి దీవి అని ఎక్కడైనా సూచిస్తే పద్యానికి తిరుగుండదు.

రాజోలు కుర్రాడు: మాస్టారూ, ది హేగ్ ఊరే కదా? దానికి పాగా ఎలా వచ్చింది? సమస్యే తప్పు!

పాలకొల్లు మాస్టారు: డచ్చి వాళ్ళ భాషలోనే ఆ ఊరి పేరు ముందు అలాంటి ముక్క ఉందిలే. ఇంగ్లీషువాళ్ళు దానితో సహా తెచ్చుకున్నారు.

ముక్తేశ్వరం: హేగ్ మన డెల్టాలో లేదు, సమస్య మారదు. పులసల సీజను కదా, వచ్చే వారానికి ఇది పట్టండి: 'చేప లెన్ని యున్న చేప యొకటె'. షరతు మామూలే. పూరణలు ఆదివారం రాత్రిలోపు.