ప్రోటాన్, న్యూట్రాన్ ద్రవ్యరాశులు సమానమా? ఒక మార్కు గొడవ

బెళ్ళందూరు అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ బెంగళూరులో తొమ్మిదో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో 'ప్రోటాన్, న్యూట్రాన్ ద్రవ్యరాశులు సమానం – తప్పా, ఒప్పా?' అని అడిగారు. మా అమ్మాయి 'తప్పు' అని పెట్టి, పక్కన 'న్యూట్రాన్‌ది కొంచెం ఎక్కువ' అని కూడా రాసింది. మార్కు పోయింది. పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే టీచరు "పుస్తకంలో రెండింటికీ 1 అనే ఉంది కదా మేడం, ఎలక్ట్రాన్‌ని లెక్కలోకే తీసుకోం" అన్నారు. నాకు మార్కు బాధ లేదు (అమ్మాయికి ఉంది). కానీ ప్రోటాన్ 1, న్యూట్రాన్ 1, ఎలక్ట్రాన్ 0 అని చెప్పి వదిలేయడం సరైనదేనా? ఈ గ్రూపులో టీచర్లు ఉన్నారని అడుగుతున్నా.

కేఆర్ పురం ట్యూషన్ సార్:
ఆ టీచరు చెప్పిందే కరెక్టు మేడం. ప్రోటాన్‌ది 1.6726, న్యూట్రాన్‌ది 1.6749, రెండూ 10⁻²⁷ కిలోల్లో. తేడా వెయ్యికి ఒకటిన్నర కూడా లేదు. ఎలక్ట్రాన్ మరీ ఘోరం, 9.1 × 10⁻³¹. బోర్డు మీద ఈ అంకె వేస్తే వెనక బెంచీ పడుకుంటుంది, ముందు బెంచీ బట్టీ పడుతుంది. సోడియం ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) 23లోంచి 11 ప్రోటాన్లు తీసేస్తే 12 న్యూట్రాన్లు. ఈ తీసివేత రావాలంటే 1, 1 చాలు.

అనంతపురం లెక్చరర్ (రిటైర్డ్, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో అబ్బాయి దగ్గర):
సార్, తీసివేత గురించి మీరన్నది ఒప్పుకుంటాను. నా పేచీ సున్నాతో. 'లెక్కలోకి తీసుకోం' అన్నది పిల్లవాడి చెవిలో 'లేదు' అని పడుతుంది. ఇంటర్ పిల్లలు కూడా నా దగ్గర ఎలక్ట్రాన్‌కి ద్రవ్యరాశి లేదని ధీమాగా చెప్పేవాళ్ళు.

10⁻³¹ ఎవరికీ అర్థం కాదు, నాకూ కాదు. ప్రోటాన్‌లో 1836వ వంతు అని చెప్పండి. తక్కెడలో ఒకవైపు రెండు కిలోలకు కాస్త తక్కువగా బియ్యం, రెండోవైపు ఒక్క గ్రాము. 70 కిలోల మనిషి ఒంట్లో ఎలక్ట్రాన్లన్నీ పోగేస్తే సుమారు 20 గ్రాములు, నాలుగు చెంచాల చక్కెర. ఇది విన్న పిల్లవాడు జన్మలో సున్నా అనడు.

ఇంకోటి. దీన్ని ఎవరూ తూచి కనుక్కోలేదని చెప్పాలి. 1897లో జె.జె. థామ్సన్‌కి దొరికింది ఎలక్ట్రాన్ విద్యుదావేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తి మాత్రమే. తర్వాత మిలికాన్ నూనె బిందువులతో ఆవేశం కొలిచాకే ద్రవ్యరాశి విడిగా నిక్కచ్చిగా తేలింది. అంకె మర్చిపోయినా ఈ దారి గుర్తుంటుంది.

కేఆర్ పురం ట్యూషన్ సార్:
మాస్టారూ, చక్కెర చెంచాలు బాగున్నాయి, వాడుకుంటాను. కానీ దశాంశాలు మొదలుపెడితే ఎక్కడ ఆగుతారు? పరమాణు ద్రవ్యరాశి యూనిట్లలో (కార్బన్-12 పరమాణువులో పన్నెండో వంతు ఒక యూనిట్) ప్రోటాన్ 1.00728, న్యూట్రాన్ 1.00867, ఎలక్ట్రాన్ 0.00055 అని చెప్పాననుకోండి. చురుకైనవాడు కార్బన్‌కి తలా ఆరు వేసి కూడతాడు, 12.099 వస్తుంది. పుస్తకంలో కార్బన్-12 సరిగ్గా 12! 'ఎందుకు సార్' అంటే ఏం చెప్పను? ద్రవ్యరాశి లోపం, అంటే విడి కణాల మొత్తం కన్నా కలిసినది తక్కువ తూగడం, వచ్చేది పన్నెండో తరగతిలో. అప్పటిదాకా మూడేళ్ళు వాడి నోరు మూయించాలా?

బెళ్ళందూరు అమ్మ:
ఆ ప్రశ్న రావడమే మంచిదనుకుంటున్నా సార్! ఇప్పుడే క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూశా, నిజంగానే 12.099. అంత కాలం సైన్సు చదివి ఈ కూడిక ఎప్పుడూ చేయలేదు, సిగ్గేసింది. ఆ 0.099 ఎటు పోయింది?

సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) కుర్రాడు:
ఆంటీ, అది కేంద్రకాన్ని కట్టి ఉంచే శక్తి లెక్క. విడివిడిగా ఉన్నవి కలిసినప్పుడు అంత శక్తి బయటికి పోతుంది, E = mc². సూర్యుడు వెలిగేది కూడా ఈ ఖాతాలోంచే, హైడ్రోజన్ హీలియంగా మారేటప్పుడు. ఇంకో ట్విస్టు, ప్రోటాన్ లోపల ఉండే ఇంకా చిన్న కణాలు, మూడు క్వార్కుల ద్రవ్యరాశులు కూడితే ప్రోటాన్‌లో ఒక శాతం చుట్టుపక్కలే వస్తుంది.

అనంతపురం లెక్చరర్:
క్వార్కులు ఇప్పుడొద్దు నాయనా, సార్‌కి బీపీ వస్తుంది. 🙂

ఆ పాప రాసినదానికి వద్దాం. వెయ్యికి ఒకటిన్నర కూడా లేదని తీసిపారేశారే, కథంతా ఆ తేడాలోనే ఉంది. 1932లో చాడ్విక్ కనిపెట్టిన న్యూట్రాన్ కేంద్రకం బయట ఒంటరిగా ఉంటే సగటున పావుగంట లోపే ప్రోటాన్, ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినో (దాదాపు ద్రవ్యరాశి లేని కణం)లుగా విడిపోతుంది. బరువైనది కాబట్టే విడిపోగలదు. అదే తేడాతో ప్రోటాన్ బరువైనదై ఉంటే అదే న్యూట్రాన్‌గా మారిపోయేది. హైడ్రోజన్ నిలిచేది కాదు, నీళ్ళూ ఉండేవి కావు. పాపకి మార్కు ఇవ్వాల్సిందే.

కేఆర్ పురం ట్యూషన్ సార్:
'దాదాపు సమానం' అని అడగాల్సిన ప్రశ్న అది. 'దాదాపు' మింగేసింది ప్రశ్న రాసినవాళ్ళు, అక్కడ మీతో నేనూ ఉన్నా. కానీ మా బ్యాచ్‌లో నలభై మంది. అందులో మీ పాపలాంటివాళ్ళు ముగ్గురుంటే గొప్ప, మిగతావాళ్ళకి సోడియం తీసివేతే ఇంకా రావట్లేదు. వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు.

సరే, శనివారం ఒక పని చేస్తా. కార్బన్ కూడిక బోర్డు మీద వేసి, జవాబు చెప్పకుండా ఇంటికి పంపిస్తా. ఎంతమంది తిరిగి అడుగుతారో చూద్దాం. పరీక్షలో మాత్రం 1, 1, 'నెగ్లిజిబుల్' అనే రాయమంటా మాస్టారూ, తిట్టుకోకండి.

బెళ్ళందూరు అమ్మ:
మా అమ్మాయికి ఇదంతా చదివి వినిపించా (కన్నడ చదువుతుంది, తెలుగు చదవడం రాదు). "ఆ సార్ బ్యాచ్ ఎన్ని గంటలకి?" అని అడుగుతోంది.