జెండా రంగుల అర్థం ఏది రాయాలి? చక్రం గీయడం ఎలా?

ప్రశ్న: అందరికీ నమస్తే. మా పాప ఆరో తరగతి, పంద్రాగస్టుకి జెండా బొమ్మ గీసి రంగుల అర్థం రాయమన్నారు. కాషాయం త్యాగం, తెలుపు శాంతి, ఆకుపచ్చ పంటలు అని రాస్తే టీచర్ కొట్టేసి హిందువులు, మిగతా మతాలు, ముస్లింలు అని దిద్దించారు. ఏది కరెక్ట్? ఇంకోటి, చక్రంలో 24 ఆకులు గీస్తుంటే మధ్యలో అంతా ముద్దయిపోతోంది. ఇప్పటికి మూడు చార్టులు పాడయ్యాయి, మళ్లీ కొనాలంటే టెన్షన్!

జవాబు: టీచర్ చెప్పింది పుట్టించిన మాటేం కాదండి, కాకపోతే అది ఈ జెండాది కాదు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభలప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి ఇచ్చిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ రెండే, హిందువులకొకటి ముస్లింలకొకటి అని. మిగతావాళ్ల కోసం తెలుపు కలపమన్నది గాంధీజీ. అలా మతానికో రంగు అనేసరికి సిక్కులు మా రంగేదీ అన్నారు, అడగరూ మరి! చివరికి 1931లో ఎరుపు పోయి కాషాయం వచ్చింది, రంగులకు మతంతో సంబంధం లేదని కాంగ్రెస్ తేల్చేసింది. కాషాయం ధైర్యం, త్యాగం. తెలుపు సత్యం, శాంతి. ఆకుపచ్చ విశ్వాసం, శౌర్యం. 1947 జులై 22న రాజ్యాంగ సభలో ఇప్పటి జెండా ఆమోదించినప్పుడు రాధాకృష్ణన్ గారు ఆకుపచ్చను మట్టితో, మొక్కలతో మనకున్న బంధం అన్నారు. అంటే పాప రాసిన పంటలు ఆయన మాటకి దగ్గరే, మార్కులు అడిగి వేయించుకోండి.

ఇంకో జవాబు: బొమ్మ సంగతి నేను చెప్తా మేడమ్. పొడవు 45 సెం.మీ., ఎత్తు 30 తీసుకోండి, పట్టీ ఒక్కోటి 10. ఫ్లాగ్ కోడ్ ప్రకారం ఆ సైజుకి చక్రం 9 సెం.మీ., అంటే కంపాస్‌ని నాలుగున్నరకి తెరవాలి. ప్రొట్రాక్టర్ పెట్టి 15 డిగ్రీలకో చుక్క. ముద్దవడానికి కారణం ఏంటంటే ఆకులన్నీ కంపాస్ ముల్లు గుచ్చిన చోటికే లాగేస్తారు పిల్లలు, అలా కాకుండా ముందే మధ్యలో ఒకటిన్నర సెం.మీ. వెడల్పున చిన్న సున్నా చుట్టి ఆకుల్ని దాని అంచు దగ్గరే ఆపేయమనండి, అప్పుడు ఆకుకీ ఆకుకీ మధ్య దాదాపు రెండు మిల్లీమీటర్లు ఖాళీ మిగులుతుంది. స్కెచ్ పెన్ వద్దు, పాకుతుంది. సన్న మొన పెన్నే, అదీ ముదురు నీలం, నలుపు కాదు.

ప్రశ్న వేసినవారు: వచ్చిందండీ, నాలుగో చార్టు బతికింది! అన్నట్టు ఇదివరకు చరఖా ఉండేది కదా, ఎందుకు తీసేశారని పాప అడుగుతోంది. ఇంకా దీన్ని తరగతి గోడకి నిలువుగా అంటిస్తారట, కాషాయం ఎటు రావాలి?

జవాబు: చరఖాని అటు పక్క నుంచి చూస్తే తిరగబడి కనిపిస్తుంది కదండీ, జెండాకి రెండు వైపులా ఒకేలా ఉండాలని నెహ్రూ గారే సభలో చెప్పారు. అందుకే సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం పెట్టారు. నిలువుగా అయితే చూసేవాళ్లకి ఎడమ చేతి వైపు కాషాయం. టేపు వేసేముందే పాప చేత టీచర్‌కి చెప్పించండి, ఆ చార్టు ఊడదీసి మళ్లీ అంటిస్తే చిరుగుతుంది.