సంతకం పెట్టనంటున్న రిజిస్ట్రార్: మనస్సాక్షికి మినహాయింపు ఇవ్వాలా?

సందేహి:

స్వలింగ వివాహం తప్పా ఒప్పా అని అడగడం లేదు. ఆ చర్చ ఎక్కడ మొదలుపెట్టినా మూడో పోస్టుకల్లా శాపనార్థాల్లోకి దిగుతుంది. నా ప్రశ్న అంతకంటే చిన్నది. ఒక దేశంలో చట్టం వచ్చేసింది. పెళ్లిళ్లు రిజిస్టర్ చేసే ఉద్యోగి మాత్రం తన మతం ప్రకారం అది పాపమని నమ్ముతాడు. "నా చేత్తో నేను చెయ్యను, పక్క సీటు వాళ్లతో చేయించుకోండి" అనే వీలు అతనికి ఉండాలా, వద్దా?

లిలియన్ లడేల్ కేసు చదివాక ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. ఆమె లండన్‌లోని ఇస్లింగ్టన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రార్. ఉద్యోగంలో చేరేనాటికి ఆ పనిలో స్వలింగ జంటల ఊసే లేదు. 2005 డిసెంబర్‌లో బ్రిటన్‌లో స్వలింగ జంటలకి సివిల్ పార్ట్‌నర్‌షిప్‌లు మొదలయ్యాయి. పెళ్లి అనే పేరు లేదు గానీ హక్కులు దాదాపు అవే. క్రైస్తవురాలిగా తనవల్ల కాదని ఆమె తోటివాళ్లతో డ్యూటీలు మార్చుకుంటూ నెట్టుకొచ్చింది. చివరికి కౌన్సిల్ క్రమశిక్షణ చర్యకి దిగింది. ట్రైబ్యునల్‌లో ఆమె గెలిచింది, అప్పీళ్లలో ఓడింది. 2013 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా ఆమె ఫిర్యాదుని తోసిపుచ్చింది. అక్కడ ఏడుగురు జడ్జీల్లో ఇద్దరు మాత్రం ఆమె వైపు నిలిచారు.

నేను విశ్వాసిని, దాచుకోను. నా ఓటు ఆ ఇద్దరికే. ఏ జంటా ఉత్తచేతులతో వెనక్కి వెళ్లలేదు, ఏ పనీ ఆగలేదు. మరి ఆమె ఉద్యోగం మీదికి తేవడం దేనికి?

పాత_ఫైలు:

ముప్పై ఏళ్లు గవర్నమెంటు టేబుల్ వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి. నా మాట సూటిగా చెప్తాను. ఆ కుర్చీ నాది కాదు, దాంట్లో కూర్చున్నంతసేపు ఆ చెయ్యి కూడా నాది కాదు. బర్త్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవాడు ఆ బిడ్డ ఎవరికి ఎలా పుట్టిందో మెచ్చుకుంటున్నట్టా? పుట్టిందని రాస్తున్నాడు, అంతే. పెళ్లి రిజిస్టర్ కూడా అంతే. ఇద్దరు వచ్చారు, వయసుంది, ఇష్టముంది, సాక్షులున్నారు. రాసుకో.

ఇంకోటి. క్యాథలిక్ నమ్మకం ప్రకారం విడాకులు తీసుకున్నవాళ్ల రెండో పెళ్లి, మొదటిది చెల్లదని చర్చి తేల్చకపోతే, పెళ్లే కాదు. మరి క్యాథలిక్ రిజిస్ట్రార్లు అలాంటి పెళ్లిళ్లు రోజూ రాస్తూనే ఉన్నారు కదా. ఆ సంతకానికి అడ్డురాని మనస్సాక్షి దీనికే ఎందుకు అడ్డొస్తుంది?

వాక్యం_చాలు:

పాత_ఫైలు గారూ, మనిషిని రబ్బరు స్టాంపు చేసేశారు. మీరు ముప్పై ఏళ్లలో ఒక్క కాగితం మీద కూడా "ఇది నావల్ల కాదు సార్" అనలేదా?

రెండో పెళ్లి సంగతి. అక్కడ ఒక పురుషుడు, ఒక స్త్రీ. ఆ ఇద్దరికీ అర్హత లేదని నా నమ్మకం అనొచ్చు, కానీ పెళ్లంటే ఏమిటన్నది మారలేదు. ఇక్కడ ఆ మాటకి అర్థమే మారుతోంది. మీకు రెండూ ఒకటిగా కనిపిస్తే అది మీ చూపు, మా వాక్యం కాదు.

కిమ్ డేవిస్ సంగతి కూడా చెప్పుకోవాలి. స్వలింగ జంటలకి దేశమంతటా పెళ్లి హక్కు ఉందంటూ అమెరికా సుప్రీంకోర్టు 2015 జూన్ 26న ఓబర్గఫెల్ తీర్పు ఇచ్చింది. కెంటకీ రాష్ట్రం రోవన్ కౌంటీలో ఆమె ఎన్నికైన క్లర్క్, అంటే పెళ్లి లైసెన్సులిచ్చే ఆఫీసుకి అధికారి. అప్పట్లో అక్కడి మ్యారేజ్ లైసెన్స్ మీద క్లర్క్ పేరుండేది. నా పేరు మీద అది వెళ్లకూడదంది. కోర్టు ధిక్కారం కింద జైల్లో పెట్టారు. మరుసటి ఏడాది అదే రాష్ట్రం ఫారం మార్చి క్లర్క్ పేరు తీసేసింది. ఆ ఒక్క గీత ముందే కొట్టేసి ఉంటే ఆమె జైలుకి వెళ్లేది కాదు. విశ్వాసికి సర్దుబాటు చేయడం ఎంత సులువో చూడండి.

పాత_ఫైలు:

సగమే చెప్పారు. ఆమె తన చేతిని మాత్రమే వెనక్కి తీసుకోలేదు. ఆ కౌంటీలో ఎవరికీ, ఆడా మగా జంటలకి కూడా, లైసెన్సులు ఆపేసింది. కింద ఆరుగురు డిప్యూటీలు. ఆమె జైలుకి వెళ్లిన రోజు జడ్జి ఒక్కొక్కరినీ అడిగితే ఐదుగురు మేం ఇస్తామన్నారు. తెల్లారి ఇచ్చారు కూడా. అంటే ఆఫీసులో పని చేయడానికి ఐదుగురు రెడీగా ఉన్నా ఇన్నాళ్లూ చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. తన మనస్సాక్షి అంటే సరే. పక్కవాడి చేతిలో పెన్ను లాక్కోవడం ఏ మనస్సాక్షి? దాని ఖర్చు కూడా తేలింది. 2023లో జ్యూరీ ఒక జంటకి లక్ష డాలర్లు ఇమ్మంది.

మీరడిగినదానికి జవాబు: అన్నాను. దొంగ బిల్లుల మీద అన్నాను. సెక్షన్ నంబరు చూపించి అన్నాను. దేవుణ్ణి చూపించి కాదు.

సందేహి:

డేవిస్ విషయంలో పాత_ఫైలు గారితో ఏకీభవిస్తాను. ఆఫీసు మొత్తానికి తాళం వేయడం మినహాయింపు కాదు. అందుకే నేను లడేల్ దగ్గర మొదలుపెట్టాను. ఆమె ఎవరి పనీ ఆపలేదు. ఇంకా ముఖ్యం, ఉద్యోగమే ఆమె కాళ్ల కింద మారిపోయింది. ఇష్టపడి చేరి ఇప్పుడు గొణుగుతోంది అనడానికి లేదు.

ఈ చిక్కుకి నెదర్లాండ్స్ ఒక దారి చూసింది. స్వలింగ వివాహాన్ని 2001లో ప్రపంచంలో అందరికంటే ముందు చట్టం చేసిన దేశం అదే. అక్కడ కూడా కొందరు రిజిస్ట్రార్లు మావల్ల కాదన్నారు. ఏళ్ల తరబడి వాదించుకుని 2014లో, కొత్తగా చేరేవాళ్లకి ఆ వీలు లేకుండా చట్టం తెచ్చారు. తెలిసి చేరినవాడు వేరు, చేరాక మారిన ఆట వేరు. నాకు ఇది న్యాయంగా అనిపించింది.

కందిరీగ:

ఎవరి పనీ ఆగలేదు అని అందరూ జంటల వైపు నుంచే చూస్తున్నారు. లడేల్ మీద మొదట ఫిర్యాదు చేసింది కౌంటర్ అవతలి జంట కాదు. అదే ఆఫీసులో పనిచేసే ఇద్దరు గే ఉద్యోగులు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఒక్కసారి ఆ టేబుల్ దగ్గర కూర్చోండి. వారం రోస్టర్ గోడకి అంటించి ఉంది. మీ పక్క సీటు ఆమె మీతో టీ తాగుతుంది, మీ అమ్మ ఆరోగ్యం అడుగుతుంది. రోస్టర్‌లో మాత్రం మీలాంటివాళ్లు వచ్చిన ప్రతి గడిలో ఆమె పేరు కొట్టేసి మీ పేరు రాసి ఉంటుంది. ప్రతి సోమవారం అది చూసి పనిలో కూర్చోవాలి. దీన్ని సర్దుబాటు అంటారా?

మతం పేరు చెప్పగానే మెత్తబడిపోయేవాళ్లకి ఇంకో సంగతి. వర్జీనియాలో తెల్ల మగవాడు నల్ల ఆడదాన్ని పెళ్లి చేసుకుంటే నేరంగా ఉన్న రోజుల్లో, లవింగ్ అనే ఇంటిపేరున్న అలాంటి దంపతుల కేసు విన్న స్థానిక జడ్జి, దేవుడు జాతుల్ని వేర్వేరు ఖండాల్లో పెట్టాడంటే అవి కలవకూడదనే అని తన ఉత్తర్వులోనే రాశాడు. అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని 1967లో కొట్టేసింది. ఆయన నమ్మకం నిజమైనదే అయ్యుండొచ్చు. అయితే?

వాక్యం_చాలు:

ఈ పోలిక ప్రతిసారీ వస్తుంది, ప్రతిసారీ బాధేస్తుంది. ఒంటి రంగుని బట్టి పెళ్లి వద్దనడం మా గ్రంథంలో లేదు. మోషే భార్య ఆఫ్రికాలోని కూషు దేశస్థురాలని తప్పుపట్టిన మిర్యాముకే కుష్ఠు వచ్చింది, సంఖ్యాకాండం 12వ అధ్యాయం. ఆ జడ్జి వాక్యం చదవలేదు, తన పొగరుని వాక్యం అనుకున్నాడు. రెండు వేల ఏళ్లుగా సంఘం చెప్తున్నదాన్ని దానితో కట్టేయకండి.

రోస్టర్ గురించి మాత్రం నేను ఆలోచించలేదు. నిజం.

మెహఫిల్:

నేను ముస్లింని. మా దగ్గర నికాహ్ ఒప్పందం, సాక్షుల ముందు జరిగేది. సర్కారు కాగితం వేరే కాగితం. నా మతం ప్రకారం స్వలింగ నికాహ్ లేదు, ఉండదు, మా మౌల్వీ గారిని ఎవరూ చేయించమని బలవంతపెట్టకూడదు. అక్కడ నేను గీత గట్టిగా గీస్తాను. సర్కారు కాగితం దగ్గరకొచ్చేసరికి ఆ గీత పట్టుకుని వెళ్లను. ఎందుకంటే అదే సర్కారు రేపు నా కాగితం దగ్గర ఇంకొకడి మతం పట్టుకొచ్చి నిలబెట్టగలదు. తక్కువ సంఖ్యలో ఉన్నవాడికి ఈ భయం వేరే చెప్పక్కర్లేదు.

మతగురువుల్ని బలవంతపెడతారని భయపడేవాళ్లకి ఒక మాట. ఇంగ్లండ్ 2013 చట్టం చూడండి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ తన పద్ధతిలో స్వలింగ వివాహం చేయడానికి ఆ చట్టం కింద వీలే లేదు. మిగతా మతసంస్థలు తాము ఒప్పుకుంటేనే. డెన్మార్క్ ఇంకో రకం. అక్కడ చర్చి ప్రభుత్వానిదే, 2012 నుంచి చర్చిలో స్వలింగ పెళ్లిళ్లు చేస్తున్నారు, కానీ ఏ పాస్టరైనా నావల్ల కాదనవచ్చు. అప్పుడు బిషప్ ఇంకో పాస్టర్‌ని చూసిపెట్టాలి. పాస్టర్ మనస్సాక్షీ మిగిలింది, జంట పెళ్లీ జరిగింది.

అంకెల_పిచ్చి:

"ఇంకొకర్ని చూసిపెట్టాలి" అన్న చోటే అంతా ఆగుతుంది. ఇంకొకరు ఉంటే కదా.

దక్షిణాఫ్రికా 2006లో చట్టం తెచ్చింది. ఆరో సెక్షన్‌లో, ప్రభుత్వ మ్యారేజ్ ఆఫీసర్ మంత్రికి లెటర్ రాసి స్వలింగ పెళ్లిళ్ల నుంచి తప్పుకోవచ్చంది. అచ్చంగా సందేహి గారు కోరుకున్న ఏర్పాటు. పర్యవసానం ఏమిటంటే, 1100 పైచిలుకు ఆఫీసర్లలో 400 మందికి పైగా తప్పుకున్నారు. ఆఫీసుకి పదిమంది ఉన్నచోట ఒకరు తప్పుకుంటే డ్యూటీలు మార్చుకోవచ్చు. ఇద్దరే ఉన్న చిన్న ఆఫీసులో ఇద్దరూ తప్పుకుంటే? చట్టం పుస్తకంలో ఉంటుంది, జంట బస్సులో ఉంటుంది. 2020లో ఆ సెక్షన్ తీసేశారు.

కాబట్టి నాకిది సిద్ధాంతం గొడవ కాదు. మినహాయింపు ఒకరిద్దరికైతే నడుస్తుంది. హక్కుగా రాస్తే ఎంతమంది తీసుకుంటారో మీ చేతిలో ఉండదు.

సీతాకోక:

చాలా రోజులుగా చదివి వెళ్లిపోతున్నాను, ఇవాళ రాయాలనిపించింది. మాది స్వలింగ వివాహం కాదు. నాదీ ఆయనదీ వేర్వేరు మతాలు. చట్టం మా పక్కనే ఉంది. నోటీసు ఇచ్చాం, గడువు అయింది, ముగ్గురు సాక్షుల్ని తీసుకుని వెళ్లాం. ఆఫీసు పేరు చెప్పను.

కౌంటర్ మనిషి కాగితాలు చూశాడు. నా పేరు మీద వేలు పెట్టాడు, తర్వాత ఆయన పేరు మీద. మళ్లీ నా పేరు మీద. "సార్ ఇవాళ లేరు, రేపు రండి" అన్నాడు. సార్ వెనక గదిలో ఫోన్‌లో మాట్లాడుతుండడం మాకు వినిపిస్తోంది. రెండోసారి ఫొటో సైజు సరిపోలేదు. మూడోసారి, మీ నాన్నగారికి తెలుసామ్మా అని చాలా మెల్లగా, ప్రేమగా అడిగాడు. నాలుగోసారి సంతకం అయింది. ఆ నాలుగు రోజుల్లో ఒక్కరు కూడా "ఇది నా మతానికి విరుద్ధం" అనలేదు. అని ఉంటే కనీసం ఎవరితో కొట్లాడాలో తెలిసేది.

అందుకే మీరంతా మనస్సాక్షి గురించి మాట్లాడుతుంటే నాకు విచిత్రంగా ఉంది. లడేల్ కనీసం ఎదురుగా చెప్పింది. చాలాచోట్ల నిరాకరణ "రేపు రండి" రూపంలోనే వస్తుంది. మినహాయింపు తీసేస్తే ఆ మనిషి మారిపోతాడని కందిరీగ గారూ పాత_ఫైలు గారూ అనుకుంటున్నారు. మారడు. ఫొటో సైజు కొలుస్తాడు.

కందిరీగ:

సీతాకోక గారూ, మీ బాధ అర్థమైంది, తీర్మానం అర్థం కాలేదు. దొంగచాటుగా ఆపేవాడు ఉన్నాడు కాబట్టి బహిరంగంగా ఆపేవాడికి లైసెన్స్ ఇద్దామా? ఆ కౌంటర్ మనిషి మీద ఫిర్యాదు పెట్టే వీలుండాలి, అంతే.

సీతాకోక:

ఫిర్యాదులో ఏమని రాయమంటారు? ఫొటో సైజు కొలిచాడనా?

పాత_ఫైలు:

ఆవిడ చెప్పింది నిజం. ఫైలు ఆపదలుచుకున్నవాడికి కారణాలకి కరువుండదు. మా సెక్షన్‌లో అదొక విద్య. నేను మొదట రాసినదాంట్లో ఇది లేదు, ఒప్పుకుంటున్నాను. అయినా నా మాట మార్చుకోను. చెప్పి తప్పుకునేవాడికి వేరే సీటు ఇవ్వండి, ఆ సీటు రిజిస్ట్రేషన్‌లో మాత్రం కాదు.

సందేహి:

కెనడాలో సస్కాచెవాన్ ప్రావిన్సు మినహాయింపు బిల్లులు తయారుచేస్తే అక్కడి అప్పీల్ కోర్టు 2011లో రాజ్యాంగం ఒప్పుకోదంది. కానీ అదే తీర్పులో ఇంకో పద్ధతి ప్రస్తావన ఉంది. జంట నేరుగా ఆఫీసర్‌కి ఫోన్ చేయదు. దరఖాస్తు ఒకేచోట పడుతుంది, ఎవర్ని పంపాలో లోపల తేల్చుకుంటారు. ఎవరు వద్దన్నారో జంటకి తెలియదు. కందిరీగ గారి రోస్టర్ గోడ మీద కాకుండా ఒక పెద్దాఫీసర్ డ్రాయర్‌లో ఉంటుంది. అంకెల_పిచ్చి గారి లెక్క దీంట్లో కూడా తప్పదనుకోండి. మూడోవంతు మంది తప్పుకుంటే డ్రాయర్ కూడా ఏమీ చేయలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు. లడేల్ విషయంలో మాత్రం ఆ ఇద్దరు జడ్జీల పక్కనే ఉన్నాను, నిన్నటికంటే కాస్త ఇబ్బందిగా.

సీతాకోక గారూ, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ మొదటిరోజే కౌంటర్‌లో ఆయన మీ మొహం మీదే, "అమ్మా, ఇది నా నమ్మకానికి పడదు, మూడో టేబుల్ ఆయన చేస్తాడు, అక్కడికెళ్లండి" అని ఉంటే మీకెలా ఉండేది?

సీతాకోక:

చాలా కోపం వచ్చేది. ఇంటికెళ్లి ఏడ్చేదాన్నేమో కూడా. సెలవు మాత్రం ఒక్కరోజే పెట్టేదాన్ని.