ముగ్గురాయా, పలుగురాయా, కాల్సైటా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

అడిగినది: గులకరాయి
కడప వైపు నుంచి తెచ్చిన తెల్లరాయి, 180 గ్రాములు. చూపుకి ముగ్గురాయి (బెరైటీస్), పలుగురాయి (క్వార్ట్జ్), కాల్సైట్ మూడింటిలో ఏదైనా కావచ్చు. ల్యాబ్‌కి పంపకుండా చెప్పగలమా అండీ?

చట్టుబండ
రంగు వదిలేయండి, తెలుపు అన్నిటికీ ఉంటుంది. గాజుముక్క మీద గట్టిగా గీయండి. గీత పడితే పలుగురాయి (మోస్ కొలమానంలో కాఠిన్యం 7). మిగతా రెండూ 3 దగ్గరే, గాజును గీయలేవు. గీసాక వేలితో తుడిచి చూడాలి. రాయి పొడి అంటుకున్నా గీతలాగే కనిపిస్తుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

త్రాసు
నేనైతే ముందు సాంద్రతే చూస్తాను. వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. పెరిగిన గ్రాములతో 180ని భాగించండి. 40 చూపిస్తే 4.5, అంటే ముగ్గురాయి. 66–68 వస్తే పలుగు లేదా కాల్సైట్. గాలిబుడగలు అంటుకుంటే లెక్క తక్కువకి పోతుంది. 20 గ్రాముల ముక్కతో చేయకండి, ఒక్క గ్రాము తేడాకే ఫలితం తారుమారు. మంగంపేట గనుల ముగ్గురాయి చాలావరకు బూడిదరంగే, అదీ గుర్తుంచుకోండి.

గులకరాయి
42 వచ్చింది. గాజు మీద గీత లేదు.

చట్టుబండ
4.3 కదా, ముగ్గురాయే. కాస్త మలినం ఉన్నట్టుంది. అనుమానం ఉంటే కొత్తగా పగలగొట్టిన ముఖం మీద వెనిగర్ చుక్క వేయండి. పాత పగుళ్లలో సున్నం ఉంటే ఊరికే పొంగుతుంది. ముగ్గురాయి సల్ఫేటు, పొంగదు. కాల్సైట్ కార్బొనేటు, బుడగలొస్తాయి.