స్ట్రోలర్‌తో అమెరికా నేషనల్ పార్కుల్లో హైక్: ఏ ట్రైల్స్ నిజంగా కుదురుతాయి?

ప్రశ్న:
మా పాపకి ఏడాదిన్నర. ఈ వేసవిలో జాయన్, గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) వెళ్దామనుకుంటున్నాం, వీలైతే తర్వాత యోసెమిటీ, ఎల్లోస్టోన్ కూడా. నాలుగడుగులు వేసి ఎత్తుకోమంటుంది, ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో పెడితే కాసేపటికే గోల, స్ట్రోలర్‌లో (తోసుకెళ్లే పిల్లల బండి) అయితే హాయిగా నిద్రపోతుంది. ట్రైల్ యాప్‌లలో చూస్తే ఒకే దారి గురించి ఒకరు బ్రహ్మాండం అంటారు, ఇంకొకరు స్ట్రోలర్‌ని మోసుకుంటూ వెనక్కి వచ్చామంటారు. మా దగ్గరున్నది చిన్న చక్రాల మడత స్ట్రోలర్. దీంతో నెట్టుకురావచ్చా, మూడు చక్రాల జాగింగ్ స్ట్రోలర్ కొనాలా? మావారేమో అసలు స్ట్రోలరే వద్దు, వీపుకి కట్టుకుని పోదాం అంటున్నారు.

జవాబు:
యాప్‌లో ట్యాగులు పక్కన పెట్టి ఆ పార్క్ వెబ్‌సైట్‌లో యాక్సెసిబిలిటీ పేజీ తెరవండి. వీల్‌చైర్ వెళ్తుందని పార్కే రాసిన దారిలో మీ చిన్న చక్రాలూ వెళ్తాయి. 'ఈజీ' అని ఉంటే నమ్మకండి, దూరం తక్కువ, ఎక్కుడు తక్కువ అని మాత్రమే దాని అర్థం, మధ్యలో మెట్లుండవని ఎవరూ హామీ ఇవ్వలేదు. తారు వేసి ఉంటే చాలనుకోవడానికీ లేదు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో లారెల్ ఫాల్స్ దారికి తారు వేసి ఏళ్లయింది, అయినా గతుకులెక్కువ, స్ట్రోలర్లు తేవద్దని పార్కువాళ్లే చెప్పేవారు (బాగు చేయడానికని 2025 జనవరిలో మూసేశారు కూడా).

జాయన్‌లో మీకు రెండే పేర్లు చెప్తాను. విజిటర్ సెంటర్ దగ్గర మొదలయ్యే పారస్ ట్రైల్ వర్జిన్ నది పక్కన ఒకవైపు సుమారు 1.7 మైళ్లు, చదునైన తారు దారి. సైకిళ్లకీ అనుమతి ఉంది కాబట్టి ఓ పక్కగా నడవండి. నీడ దాదాపు ఉండదు, వేసవిలో అక్కడ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం మామూలే, అందుకని పొద్దున్నే వెళ్లి వచ్చేయాలి. రెండోది రివర్‌సైడ్ వాక్, పార్కు షటిల్ బస్సు చివరి స్టాపు నుంచి మైలు దూరం, మొదట్లో సాఫీగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ అక్కడక్కడ వాలు, ఇసుక. దారి అయిపోయాక నదిలో దిగి నడిచే నారోస్ మొదలవుతుంది, మీరు అక్కడే ఆగిపోవాలి.

గ్రాండ్ కేన్యన్ ఇంకా సులువు. మేథర్ పాయింట్ నుంచి యావపాయ్ మ్యూజియం దాకా రిమ్ ట్రైల్ ముక్కాలు మైలుకి కాస్త తక్కువ, అంతా చదునే. అక్కణ్ణుంచి విలేజ్ వైపు 'ట్రైల్ ఆఫ్ టైమ్', ఒక్కో మీటరు నడిస్తే పది లక్షల ఏళ్లు దాటినట్టు లెక్క వేసి గుర్తులు పెట్టారు, పెద్దవాళ్లకి కూడా కాలక్షేపం. జనం వద్దనుకుంటే హెర్మిట్ రోడ్ చివర మాన్యుమెంట్ క్రీక్ విస్టా నుంచి హెర్మిట్స్ రెస్ట్ దాకా 2.8 మైళ్ల తారు దారి ఉంది. ఒక్క జాగ్రత్త, అంచు పొడవునా రెయిలింగ్ ఉండదు. ఫొటో కోసం ఆగినప్పుడల్లా బ్రేక్ వేసి, స్ట్రోలర్‌ని లోయకి అడ్డంగా తిప్పి పెట్టండి. బ్రైట్ ఏంజెల్, సౌత్ కైబాబ్ మాత్రం చక్రాలతో తలపెట్టకండి, అవి నిలువునా లోయలోకి దిగే దారులు, పైగా ఎదురుగా కంచర గాడిదలు వస్తాయి.

జవాబు:
మీవారి మాటలోనూ న్యాయం ఉందండి. స్ట్రోలర్ అంటే పార్కులో మీరు చూసేది తారు దారులే, అక్కడే జనమంతా ఉంటారు. యోసెమిటీలో మిస్ట్ ట్రైల్ మీద వెర్నల్ ఫాల్ పైకి ఆరు వందలకు పైగా రాతి మెట్లున్నాయి, అలాంటివి ఎక్కాలంటే వీపు మీదే. అయితే గోల చేసే పిల్లని బలవంతంగా కట్టుకుని మైళ్లు నడవమని నేను చెప్పను. మెత్తటి గుడ్డ క్యారియర్ ఒకటి మడిచి స్ట్రోలర్ కింద బుట్టలో పడేయండి, దారి చెడిపోయిన చోట పాపని ఒకరు, ఖాళీ స్ట్రోలర్‌ని ఇంకొకరు. ఎత్తు ప్రదేశాల్లో ఇంకోటి గుర్తుంచుకోండి, నడిచే మనకి చెమట పట్టినా కూర్చున్న పాపకి చలేస్తుంది.

జవాబు:
జాగింగ్ స్ట్రోలర్ గురించి: ఈ రెండు పార్కుల కోసమే అయితే కొనక్కర్లేదు, డబ్బు మిగుల్చుకోండి. పైగా జాయన్‌లో కేన్యన్ లోపలికి ఏడాదిలో ఎక్కువ రోజులు సొంత కార్లని పోనివ్వరు, షటిలే గతి, గ్రాండ్ కేన్యన్ హెర్మిట్ రోడ్ కూడా మార్చి నుంచి నవంబర్ దాకా అంతే. నిండిన బస్సు ముందు పిల్లని చంకన పెట్టుకుని ఒంటి చేత్తో మడవాల్సి వస్తుంది, ఆ గాలి టైర్ల బండి మడిచినా బోలెడు చోటు తింటుంది. ఎక్కే ముందు మడవమనే అడుగుతారు, కాబట్టి ఇంట్లోనే ఓసారి అలవాటు చేసుకోండి.

కంకర దారుల కోసమైతే జాగింగ్ స్ట్రోలర్ పనే వేరు. అకేడియా నేషనల్ పార్కులో క్యారేజ్ రోడ్లని 45 మైళ్లున్నాయి, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ గుర్రపు బండ్ల కోసం వేయించినవి, కార్లు రానివ్వరు. అక్కడ చిన్న చక్రాలతో పాప పళ్లు కదిలిపోతాయి, గాలి టైర్లతో రోజంతా తిరగొచ్చు.

ప్రశ్న అడిగినావిడ:
చాలా థాంక్సండి, అయితే ఉన్నదాంతోనే వెళ్తాం, గుడ్డ క్యారియర్ కూడా పెట్టుకుంటాం. ఎండకి స్ట్రోలర్ మీద పల్చటి దుప్పటి కప్పితే సరిపోతుందా? ఎల్లోస్టోన్, యోసెమిటీ గురించి కూడా ఎవరైనా చెప్పరూ.

జవాబు:
దుప్పటి వద్దు. పల్చటిదైనా గాలి ఆడక లోపల వేడెక్కిపోతుంది, పాప ముఖం కూడా మీకు కనపడదు. స్ట్రోలర్ హుడ్, టోపీ చాలు.

యోసెమిటీలో లోయర్ ఫాల్ చుట్టూ మైలు దారి, తూర్పు వైపు నుంచి వెళ్తే చక్రాలకి సులువు, కానీ ఆగస్టుకల్లా ఆ జలపాతం తరచుగా ఎండిపోతుంది కాబట్టి వసంతంలోనే పెట్టుకోండి. కుక్స్ మెడో పక్కనే, అదీ చదునే. ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ (వేడినీళ్లు పైకి చిమ్మే ఊట) నుంచి క్యాజిల్ గీజర్ వైపు తారు దారి హాయిగా ఉంటుంది. బోర్డ్‌వాక్‌ల (చెక్క పలకల దారులు) మీద మాత్రం పాప ఎంత మారాం చేసినా కిందకి దింపకండి, చాలా చోట్ల రెయిలింగ్ లేదు, పక్కనున్న నేల పల్చటి పొర, దాని కింద మరిగే నీళ్లు. మమత్ హాట్ స్ప్రింగ్స్ బోర్డ్‌వాక్‌లో మెట్లెక్కువ, అక్కడ స్ట్రోలర్ కారులోనే ఉంచేయండి.