అప్‌డేట్: పిల్లల క్యాన్సర్ వార్డు సిబ్బందికి ఏమి ఇవ్వాలని అడిగాను కదా

లుకేమియాకు చికిత్స పొందుతున్న మా అబ్బాయిని చూసుకుంటున్న నర్సులకు, ఆయాలకు కృతజ్ఞతగా ఏమి ఇస్తే బాగుంటుందని రెండు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. పూలగుత్తులు, మిఠాయిలు కొనేముందు హెడ్ నర్సు గారినే అడగమని మీలో చాలామంది చెప్పారు, అలాగే చేశాను.

కీమోథెరపీతో తెల్ల రక్తకణాలు పడిపోయిన పిల్లలకు ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది కనుక పూలను వార్డులోకి రానివ్వరని ఆమె చెప్పారు. ప్లేట్‌లెట్లు దొరకక, ఊరుగాని ఊరిలో దిక్కుతోచక నిలబడిన తల్లిదండ్రులకు సమాధానం చెప్పడమే తమకు అన్నిటికంటే కష్టమని, అవి 5 రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి పిలిచిన వెంటనే వచ్చే దాతలు కావాలని అన్నారు. మా ఆఫీసులో 14 మంది పేర్లు, రక్త గ్రూపులు రాసి బ్లడ్ బ్యాంకుకు ఇచ్చాం. ఇప్పటికి నలుగురు వెళ్లి ఇచ్చి వచ్చారు. రాత్రి డ్యూటీ గదికి, అనుమతి తీసుకుని, ఒక ఎలక్ట్రిక్ కెటిల్ కొనిచ్చాం.

మొన్న మా వాడి చేతికి అంటించిన ప్లాస్టరును ఒక సిస్టరు తడి దూదితో అంచు నుంచి కొద్దికొద్దిగా నానబెట్టి, వాడు యాభై లెక్కపెట్టేదాకా ఆగి ఆగి తీశారు. అప్పటికే ఆమె డ్యూటీ ముగిసి అరగంట దాటింది. ఆ సంగతిని ఆమె పేరుతో సహా రాసి సూపరింటెండెంటు గారికి లేఖ ఇచ్చాను. ఇది నాకు మొదటి నెలలోనే తోచి ఉండవలసింది. ఇంకా రెండేళ్ల చికిత్స మిగిలి ఉంది. జాబితాలో ఓ నెగటివ్ గ్రూపు దాత ఒక్కరే ఉన్నందున మరికొందరి కోసం వెతుకుతున్నాం.